శాంక్షన్ అంటే మంజూరా, ఆంక్షా?

ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క మాట: శాంక్షన్. ఈ మాట సరిగ్గా తెలియక నేను ఒక మనిషిని ఇబ్బందిలో పడేశాను. ముందు అది చెప్పేస్తాను.

బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్న రోజులు. మా టీమ్‌లో టెస్టింగ్ చేసే తమ్ముడు ఒకడు, వాళ్ళ నాన్నగారి ఆపరేషన్ కోసం రెండు వారాలు లీవ్ అడిగాడు. మేనేజర్ ఓకే అన్నారు. అమెరికాలో ఉన్న క్లయింట్‌కి మెయిల్ పెట్టే పని నాది. "మేనేజ్‌మెంట్ మా టెస్టర్‌ని రెండు వారాలకి శాంక్షన్ చేసింది, సోమవారం నుంచి అందుబాటులో ఉండడు" అని ఇంగ్లీషులో కొట్టి పంపించేశా. లీవ్ అనే మాట రాయనేలేదు. లీవ్ శాంక్షన్ అయింది అని రోజూ అనే మాటే కదా, ఏముందిలే అనుకున్నా.

మర్నాడు పొద్దున రిప్లై చూసి గుండె జారిపోయింది. అతను ఏం తప్పు చేశాడు, మా డేటా ఏమైనా బయటికి పోయిందా, అతని యాక్సెస్ ఆపేశాం అని. ఆ తమ్ముడు హాస్పిటల్ వరండాలోంచి ఫోన్ చేశాడు. "అన్నా, లాగిన్ అవ్వట్లేదు, నన్ను తీసేశారా?" అని. నాన్న లోపల ఐసీయూలో ఉన్నప్పుడు అడగాల్సిన ప్రశ్నేనా అది? క్లయింట్‌కి ఫోన్ చేసి, సారీ చెప్పి, యాక్సెస్ తిరిగి ఇప్పించడానికి నాలుగు రోజులు పట్టింది.

నిజానికి క్లయింట్ తప్పు కూడా ఏం లేదండి. శాంక్షన్ అంటే అనుమతి, శాంక్షన్ అంటే శిక్ష. రెండూ కరెక్టే. ఒకే మాటకి ఇలా ఎదురెదురు అర్థాలుంటే ఇంగ్లీషులో కాంట్రోనిమ్ అంటారు.

ఇది ఎలా వచ్చిందో చూద్దాం. లాటిన్‌లో సాంకిరే అని ఒక క్రియ. ఒక విషయాన్ని పవిత్రం చేసి, ఇక ఎవరూ దాటకూడదు అని స్థిరపరచడం. సెయింట్, శాంక్చువరీ కూడా ఈ కుటుంబంలోవే. అలా స్థిరపరిచిన శాసనం శాంక్షన్. 1713లో చక్రవర్తి ఆరో చార్లెస్, తన రాజ్యం కూతురికైనా దక్కేలా ఇచ్చిన ఆజ్ఞ పేరు ప్రాగ్మాటిక్ శాంక్షన్. అక్కడ శిక్ష ఏమీ లేదు, అది శాసనం.

మరి శిక్ష ఎక్కడిది? రోమన్ చట్టాల్లో, దీన్ని మీరితే ఏమవుతుందో చెప్పే భాగాన్ని కూడా ఇదే పేరుతో పిలిచేవాళ్ళు. అంటే చట్టం ఒక చేత్తో ముద్ర వేస్తుంది, ఇంకో చేత్తో బెత్తం పట్టుకుంటుంది. ముద్ర వైపు నుంచి అనుమతి వచ్చింది, బెత్తం వైపు నుంచి శిక్ష. తర్వాత దేశాల మధ్య కూడా ఈ బెత్తమే బాగా వాడకంలోకి వచ్చింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేస్తే నానాజాతి సమితి ఇటలీ మీద పెట్టినవి శాంక్షన్సే. 1998 మేలో పోఖ్రాన్ పరీక్షలు చేశాక అమెరికా మన మీద పెట్టినవీ అవే.

మన దగ్గర మాత్రం ముద్ర అర్థమే బతికింది. లోన్ శాంక్షన్, శాంక్షన్డ్ పోస్టులు, శాంక్షన్ లెటర్... అన్నీ ఆఫీసు కాగితాలే. అన్నిటికన్నా నాకు నచ్చేది ఏంటంటే, 1988 నాటి అవినీతి నిరోధక చట్టంలో 19వ సెక్షన్. ప్రభుత్వోద్యోగి మీద కోర్టులో కేసు నడపాలంటే ముందు శాంక్షన్ తెచ్చుకోవాలి. అంటే శిక్ష దాకా వెళ్ళడానికే అనుమతి కావాలి, ఆ అనుమతి పేరు శాంక్షన్! ఒక అమెరికన్‌కి ఈ వాక్యం చదివి వినిపించండి, తల గోక్కుంటాడు.

తెలుగులో మనకీ గొడవ లేదు. మంజూరు వేరు, ఆంక్షలు వేరు. మంజూరు అరబీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. చూపు అనే అర్థమున్న నజర్, ఇదీ ఒకే ధాతువు. పెద్దాయన చూశాడు, అయిపోయింది, మంజూరు.

ఇప్పుడు పనికొచ్చే విషయం. శాంక్షన్స్ అని బహువచనంలో ఉంటే దాదాపు ఎప్పుడూ ఆంక్షలే. వెనక ఆన్ గానీ అగైన్‌స్ట్ గానీ ఉన్నా అంతే. శాంక్షన్డ్ టోర్నమెంట్ అంటే గుర్తింపు ఉన్నది, శాంక్షన్డ్ బ్యాంక్ అంటే ఆంక్షలు పడ్డది. అసలు చిక్కు మనిషిని కర్మగా పెట్టి క్రియ వాడినప్పుడే. లీవ్‌ని శాంక్షన్ చేయొచ్చు, మనిషిని శాంక్షన్ చేశారంటే శిక్షించినట్టే. నేను చేసింది సరిగ్గా అదే. అందుకే బయటి దేశాల వాళ్ళకి రాసేటప్పుడు నేను ఈ మాట వాడటమే మానేశా. అప్రూవ్డ్ అని రాస్తా, పీడా పోతుంది.

అన్నట్టు, వాళ్ళ నాన్నగారు బాగున్నారండి. ఆ తమ్ముడు ఇప్పటికీ ఎప్పుడు లీవ్ పెట్టినా నాకు మెసేజ్ పెడతాడు, "అన్నా, శాంక్షన్ అయ్యా" అని.

మీకు ఇలాంటి అనుభవం ఉంటే కామెంట్స్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఓవర్‌సైట్. పర్యవేక్షణా అదే, పొరపాటూ అదే. ఉంటానండి.