ఓడెక్కే గొర్రెకు ఎవరి సంతకం?

కోరుట్ల పశువైద్య కళాశాల నుంచి పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా! 2019 పశుగణన ప్రకారం సుమారు 1.9 కోట్ల గొర్రెలతో దేశంలో మొదటి స్థానం తెలంగాణది. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో గొల్లకుర్మల బతుకు మంద మీదే నడుస్తుంది. అందుకే 2023 జూన్ 7న కేంద్రం విడుదల చేసిన పశువుల ఎగుమతి, దిగుమతుల ముసాయిదా బిల్లు మనకు దూరపు వార్త కాదు. 1898 నాటి చట్టం స్థానంలో తేదలచిన ఆ బిల్లు, ప్రాణమున్న పశువును సరుకుగా లెక్కగట్టి ఎగుమతికి దారి తెరవబోయింది. అభిప్రాయాలకు ఇచ్చిన గడువు పది రోజులే. నిరసనలు వెల్లువెత్తడంతో జూన్ 20న దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ నిరసన న్యాయమైనదే. ముసాయిదా మళ్లీ వచ్చినా మనం ఒప్పుకోకూడదు.

ఎందుకో మీరు చదివిన శరీరధర్మ శాస్త్రమే చెబుతుంది. గొర్రె ఒంటి వేడిని ముఖ్యంగా రొప్పడంతోనే వదిలించుకుంటుంది. గాలి తేమతో నిండితే ఎంత రొప్పినా ఒళ్లు చల్లబడదు. 2017లో ఆస్ట్రేలియా నుంచి గల్ఫ్‌కు వెళ్లిన అవాసీ ఎక్స్‌ప్రెస్ ఓడలో సుమారు 2,400 గొర్రెలు వేడికి చచ్చిపోయాయి. 2022 జూన్‌లో సూడాన్‌లోని సుఆకిన్ రేవులో 15,000కు పైగా గొర్రెలను కుక్కిన ఓడ మునిగింది. సిబ్బంది బయటపడ్డారు, గొర్రెల్లో చాలా భాగం నీట మునిగి చచ్చాయి. ఈ వ్యాపారంలో ఆరితేరిన ఆస్ట్రేలియాయే 2028 మే 1 నుంచి ఓడల్లో గొర్రెల ఎగుమతి ఆపాలని 2024లో చట్టం చేసింది.

మందకు మంచి ధర వస్తుంటే అడ్డుపడతారా అని గొర్రెల కాపరి అడిగితే, ఆ ప్రశ్నకు గౌరవంగా జవాబివ్వాలి. మన మేక, గొర్రె మాంసం ఇప్పటికే చల్లబరిచి గల్ఫ్‌కు వెళుతోంది. మాంసంగా పంపితే తోలు, కోత పని, శీతల గిడ్డంగి కూలి మన దగ్గరే మిగులుతాయి. జీవాన్నే పంపితే అవన్నీ ఓడెక్కి పోతాయి. సంత నుంచి లారీలో ఇరికించి తీసుకుపోవడం మాత్రం హింస కాదా అంటారు ఇంకొందరు. నిజమే, అదీ హింసే. ఒక తప్పు ఉందని మరో పెద్ద తప్పుకు తలుపు తీయలేం. రెండింటినీ ఆపాలి. అందులో మొదటి పని మీ చేతిలోనే ఉంది. 1978 పశు రవాణా నిబంధనల ప్రకారం రైల్లోనైనా లారీలోనైనా ఆరు గంటలకు మించిన ప్రయాణంలో తరలించే గొర్రెలు ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాయని పశువైద్యుడు ధ్రువీకరించాలి. లారీ దగ్గరకు వెళ్లి ప్రతి జీవాన్నీ కళ్లారా చూడకుండా ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.