మరమ్మతునకు లొంగు యంత్రము

(నెల్లూరు మండల తీరమందలి యొక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



1929వ సంవత్సరమున అఖిల భారత చరఖా సంఘము మేలైన రాట్నమును నిర్మించువారికి లక్ష రూపాయల బహుమానము ప్రకటించినది. ఆ రాట్నపు వెల 150 రూపాయలు మించరాదు. సకాలమున బాగుచేయుచున్నచో కనీసము 20 సంవత్సరములు నడువవలెను. ఇవి అందలి నిబంధనలలో ముఖ్యమైనవి. పనిముట్టు చెడినప్పుడు మన చేతిలో బాగుపడునా యనుటయు స్వరాజ్య ప్రశ్నయే. 1921లో మహాత్ముడు పల్లిపాడున పినాకినీ తీరమందు ఆశ్రమమును ప్రారంభించిన మండలము మనది; ఈ మాట మనకు క్రొత్త కాదు.

నేడు విద్యార్థికిని గుమాస్తాకును ల్యాప్‌టాపే రాట్నము. బిడ్డ చదువునకై ఒక కుటుంబము నెలల తరబడి కూడబెట్టి దానిని కొనును. మూడేండ్లకు అది చెడగా "ఇది బాగుపడదు, క్రొత్తది కొనుడు" అను మాట వినవలసివచ్చినచో ఆ చదువు గతి యేమి?

కావున అంగడిలో అడుగవలసినవి ఇవి. అడుగుపలక మరమేకులతో బిగించినదా, జిగురుతో అతికినదా? ర్యామ్ గాడిలో అమర్చినదా, కంసాలి నగకు వేసినట్లు మదర్‌బోర్డుకు మాటువేసినదా? గాడిలోనిదైనచో నేడు 8 జీబీతో కొని రేపు 16 జీబీకి పెంచుకొనవచ్చును. మాటువేసినది చెడినచో బోర్డంతయు మార్చవలసి రావచ్చును. ఎస్‌ఎస్‌డి విడదీయ వీలగునా? బ్యాటరీ విడిగా దొరకునా? విప్పి బిగించు విధమును తెలుపు పుస్తకమును తయారీదారు బహిరంగముగా ఇచ్చుచున్నాడా? లెనోవో, డెల్ కంపెనీలు పెక్కు నమూనాలకు ఇట్టి పుస్తకములను అందుబాటులో ఉంచినవి.

మైపాడు, కృష్ణపట్నము వంటి కడలియొడ్డు వారికి మరియొక విచారము కలదు. ఉప్పుగాలిలోని తేమ లోహపు భాగములను తినివేయును. ఫ్యాను ఆ గాలినే లోనికి లాగును. కావున లోపల శుభ్రపరచుటకు వీలుండవలెను. ఛార్జింగు రంధ్రము వేరు చిన్న బోర్డుపై నున్నచో మరింత మేలు. అది చెడినను తక్కినది నిలుచును.

మాటువేసిన ర్యామ్ వలన యంత్రము పలుచనగుననియు, విద్యుత్తు కొంత ఆదా యగుననియు చెప్పుదురు. కాదనము. ఆ తేలికదనమునకు రేపు చెల్లింపవలసిన వెలను గూడ ఎరిగి కొనుడనియే మా మనవి.

ఫ్రాన్సు దేశమున 2021 జనవరి 1 నుండి ల్యాప్‌టాపు మరమ్మతునకు ఎంత అనువైనదో పదింటికి మార్కులతో తెలుపవలెనను నియమము అమలునకు వచ్చినది. ఆ సంవత్సరమే ఫ్రేమ్‌వర్క్ అను అమెరికా కంపెనీ, కొన్నవాడే విప్పి భాగములను మార్చుకొనదగు ల్యాప్‌టాపును విపణిలో నిలిపినది. మన కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టల్‌ను తెరచినది. అయినను శాసనములకై వేచియుండ నక్కరలేదు. కొనువారందరు ఈ ప్రశ్నలే అడుగ మొదలిడినచో అంగడివాడు అట్టి సరకునే తెప్పించును.

ఈ మందిరమున పత్రికల ప్రక్కనే ఒక పనిముట్ల పెట్టెను, ఆ మరమ్మతు పుస్తకముల ప్రతులను ఉంచుడని కోరుచున్నాము. చదువుకొన్న చేయి మరమేకు త్రిప్పుటకు సిగ్గుపడరాదు.