నలుగురిలో నోరు పెగలకపోతే అది సిగ్గేనా?

ఈ వారం ముచ్చట మన క్యాంపుల్లో ఉన్నదే. కానీ ఎవరూ బయటికి మాట్లాడరు.

చాలా రూముల్లో అలాంటివాళ్ళు ఒకరుంటారు. మెస్సులో అందరూ తిని లేచాక పోయి తింటారు. జీతంలో కోత పడితే, అడుగుదామని ఆఫీసు గుమ్మం దాకా పోయి తిరిగొస్తారు. మనం "సిగ్గురా వాడికి", "మూగోడు", "పొగరు" అనేసి ఊరుకుంటాం.

కొందరిలో అది ఒట్టి సిగ్గు కాదు. డాక్టర్లు దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. 1980లోనే అమెరికా మానసిక వైద్యుల సంఘం సోషల్ ఫోబియా పేరుతో దీన్ని తమ జబ్బుల జాబితాలో చేర్చింది. అందరూ నన్నే చూస్తున్నారు, తప్పు మాట్లాడితే నవ్వుతారు అనే భయం ఇది. గుండె దడ, చెమట, చేతుల వణుకు, గొంతు తడారిపోవడం. సిగ్గయితే కాస్త అలవాటు పడ్డాక తగ్గుతుంది. ఇది ఆరు నెలలైనా వదలదు, పనికీ బతుక్కీ అడ్డం పడుతుంది. ఎక్కువమందికి బడి వయసులోనే మొదలవుతుంది. ఇక్కడ రాని భాష, కొత్త మనుషులు దాన్ని ఇంకా పెంచుతాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. రోజూ తిట్టే ఫోర్‌మన్‌కు భయపడటం జబ్బు కాదు. పాస్‌పోర్టు గుంజుకున్న యజమాని ముందు మాట రాకపోవడం జబ్బు కాదు. అక్కడ భయానికి కారణం ఎదురుగానే ఉంది. మన ఊరివాళ్ళ మధ్య, మనకు ఏ హానీ చేయనివాళ్ళ మధ్య కూడా అదే దడ వస్తుంటే, అప్పుడు ఆలోచించాలి.

ఎందుకింత చెప్తున్నానంటే, నోరు తెరవలేని మనిషి అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టేస్తాడు. ఎండలో కళ్ళు తిరుగుతున్నా చెప్పడు. ఇళ్ళలో పనిచేసే అక్క జ్వరమొచ్చినా మేడమ్‌ను అడగలేక గిన్నెలు తోముతూనే ఉంటుంది. పరదేశంలో మౌనం ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ భయం తప్పించుకున్నకొద్దీ బలుస్తుంది. ఈ రోజు మెస్సుకు పోకపోతే హాయిగా ఉంటుంది, రేపు పోవడం ఇంకా కష్టమవుతుంది. అందుకే మెట్టు మెట్టుగా ఎదురుపోవాలి. మొదట బకాలాలో సలాం చెప్పి ఒక వస్తువు ధర అడగండి. దడ తగ్గేదాకా రోజూ అదే చేయండి. తర్వాత మెస్సులో ఒక్కరి పక్కన కూర్చుని చాయ్ తాగండి. ఆ తర్వాత ఫోర్‌మన్‌ను ఒక చిన్న ప్రశ్న అడగండి. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అనే చికిత్సలో ఇది ఒక ముఖ్యమైన భాగం. మందులూ ఉన్నాయి. అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టొద్దు, ఆపొద్దు.

ధైర్యం కోసం మందు తాగితే భయం పోదు, తాగుడు అంటుకుంటుంది. ఇంటి నుంచి వచ్చేవాళ్ళతో అల్ప్రాజోలం లాంటి మాత్రలు తెప్పించుకోవద్దు. గల్ఫ్ దేశాల్లో వాటి మీద గట్టి నియంత్రణ ఉంది. ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా దొరికితే కేసవుతుంది.

రూమ్మేట్లకు ఒక మాట. అలాంటివాణ్ని ఎగతాళి చేయొద్దు, నలుగురి ముందుకు బలవంతంగా తోయొద్దు. ఆఫీసుకు తోడు పోండి, కానీ మాట మాత్రం అతన్నే మాట్లాడనివ్వండి.

దుబాయ్‌లో, చుట్టుపక్కల ఎమిరేట్లలో ఉన్నవాళ్ళకు ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, ఉచిత నంబరు 800 46342. సెలవు మీద ఇంటికి పోయినప్పుడు టెలీ మానస్ 14416కు చేయండి. 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. ఫోన్లో మాట్లాడాలన్నా భయమైతే, చెప్పాల్సిన రెండు ముక్కలు ముందే కాగితం మీద రాసుకుని, అది చూసి చదవండి. అదే మీ మొదటి మెట్టు అనుకోండి.

ఉంటాను. వచ్చే వారం కలుద్దాం.