ఊరి శిఖరము – ఊరి నడిబొడ్డు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ప్రసంగము)



కావ్యమునకు అష్టాదశ వర్ణనలు శోభ గూర్చునని మన పూర్వులు చెప్పిరి. అందు పురవర్ణన ముఖ్యమైనది. మనుచరిత్రమున అరుణాస్పదపురము, వసుచరిత్రమున అధిష్ఠానపురము కథకు ఆరంభస్థానములు. ప్రబంధములలోని పురవర్ణనలు చదువునపుడు కోటలు, అగడ్తలు, మబ్బుల నంటు మేడలు మొదట కన్నులకు గట్టును. కవి ఊరి వెలుపల నిలిచి, తల యెత్తి చూచినట్లుండును.

క్రీడాభిరామము దారి వేరు. వినుకొండ వల్లభరాయని పేర వెలసిన ఆ వీథినాటకమున మంచనశర్మ, టిట్టిభసెట్టి యను మిత్రులిద్దరు ఓరుగంటి వీథులలో తిరుగుదురు. పూటకూటింట భోజనము చేయుదురు, పందెములు చూతురు, పలనాటి వీరుల కథ పాడుచుండగా విందురు. ఇచట కవి తల యెత్తలేదు. జనములో కలిసి నడచినాడు.

ఊరిని చూచుటకు ఈ రెండు చూపులును కావలెను. దూరమునుండి చూచినపుడు ఆకాశముమీద ఊరు గీచిన గీత యొకటి కనబడును. దానిని ఆకాశరేఖ యనవచ్చును. లోనికి వచ్చినపుడు పదిమంది కలియు చోటు, బేరసారములు సాగు చోటు, వార్త పుట్టు చోటు కనబడును. అది ఊరి నడిబొడ్డు. నేడు పట్టణములను పోల్చువారు అంతస్తుల నెంచి, ఇది గొప్ప, అది తక్కువ అని తీర్పు చెప్పుచున్నారు. ఆ లెక్కలో సగము పద్దులే చేరినవి. మిగిలిన సగము నడిబొడ్డున నున్నది.

ఈ విచారణకు హైదరాబాదు వంటి మహానగరము తగదు. దాని కొలత వేరు. విజయవాడ, రాజమహేంద్రవరము, ఓరుగల్లు అను మూడు మధ్యతరగతి నగరములను తీసికొందము. 2011 జనాభా లెక్కలలో విజయవాడ పది లక్షలు దాటినది. రాజమహేంద్రవరము సుమారు 3 లక్షల 40 వేలు. ఓరుగల్లు ఆ రెంటికి నడుమ నున్నది. మన పిల్లలు చదువులకు, రైతులు బేరములకు, రోగులు వైద్యమునకు పోవునవి ఇట్టి పట్టణములే. కనుక వీని మంచిచెడ్డలు మన మంచిచెడ్డలు.

మొదట విజయవాడ. దాని ఆకాశరేఖను గీచినవి కొండలు. కృష్ణకు దక్షిణపుటొడ్డున సీతానగరము కడ నిలిచి చూచినచో ఇంద్రకీలాద్రియు, దానిమీద కనకదుర్గమ్మ ఆలయమును, దాని చెంత 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజియు ఒక్క చూపులో ఇముడును. ఊరిలోపల గాంధీకొండమీద 1968లో ప్రారంభమైన 52 అడుగుల స్తూపము కలదు. గుణదల కొండమీద మేరీమాత క్షేత్రము కలదు. 2024 జనవరిలో స్వరాజ్యమైదానమున 81 అడుగుల పీఠముపై 125 అడుగుల అంబేద్కరు విగ్రహము వెలసినది. కొండలు గీచిన గీతకు మనుష్యుడు చేర్చిన పెద్ద గీత అది.

విజయవాడకు నడిబొడ్డులు రెండు. కొండకును కాలువలకును నడుమ ఇరికియున్న పాతబస్తీ ఒకటి. గవర్నరుపేట, బీసెంటురోడ్డు ప్రాంతము రెండవది. ఏలూరు, బందరు, రైవసు కాలువలు ఊరి నడుమనుండి పోవుటచే ప్రజల రాకపోకలన్నియు వంతెనలమీదనే కలిసికొనును. బీసెంటురోడ్డున అద్దాల అంగడి కెదుట తోపుడుబండివాడు నిలుచును. ఇద్దరికిని బేరము సాగును. పండుగముందు దినములలో అచట నడచుట కష్టము, నిలుచుట అంతకన్న కష్టము. అయినను జనులు అచటికే పోదురు. జనమున్నచోటికి జనము చేరుట లోకసహజము.

అయితే దూరపు కొండలు నునుపు. 2024 ఆగస్టు 31వ తేదీన మొగల్రాజపురమున కొండచరియ విరిగి ఇండ్లమీద బడి ప్రాణనష్టము కలిగినది. ఆ వెంటనే బుడమేరు పొంగి సింగునగరు మొదలగు పల్లపు పేటలు దినములతరబడి నీట నుండినవి. సెప్టెంబరు తొలినాళ్ళలో ప్రకాశము బ్యారేజి కడ 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవాహము సాగినది. సీతానగరమునుండి చూచు ఆకాశరేఖలో మాత్రము ఒక గీతయైనను చెరగలేదు. కొండవాలున ఇల్లు కట్టుకొన్నవాని భయమును, పల్లపుపేటలో తడిసిన బియ్యపుబస్తాను ఆ రేఖ చూపదు. ఊరిని మేడలతో మాత్రమే కొలుచువారు ఈ సంగతిని మరువరాదు.

రెండవది రాజమహేంద్రవరము. ఇచట ఆకాశరేఖ నిలువుగా లేదు. అడ్డముగా నీటిమీద పరుండినది. కొవ్వూరు గట్టుననుండి చూచువానికి మేడలకన్న ముందు వంతెనలే కన్నుల బడును. 1900లో రైళ్ళ రాకపోకలు మొదలైన హేవలాకు వంతెన మొదటిది. 1974లో పైన రోడ్డును క్రింద రైలుమార్గమును గల వంతెన రెండవది. 1997లో వాడుకకు వచ్చిన విల్లంటి కమానుల వంతెన మూడవది. 2015లో మరియొక రోడ్డు వంతెన తోడైనది. కమానుల వంతెన వచ్చినపిదప హేవలాకు వంతెనమీద రైళ్ళు ఆగినవి. అయినను దాని స్తంభములు నదిలో వరుసగా నిలిచి, పనినుండి విశ్రమించిన పెద్దవలె ఊరికి శోభ నిచ్చుచునే యున్నవి.

ఈ ఊరి నడిబొడ్డు కోటగుమ్మము. కోట పోయినది, గుమ్మము పేరు నిలిచినది. అచటనుండి మెయిన్‌రోడ్డు, బట్టల అంగళ్ళు ఒకవైపు, గోదావరి రేవులు మరియొకవైపు నడకదూరములోనే యున్నవి. ఉదయమున స్నానమునకు పోయినవాడు సరకులు కొనుక్కొని ఇంటికి పోవచ్చును. రేవును బజారును ఇంత చేరువగా నుంచుకొనుట ఈ ఊరి భాగ్యము. అదియే దానికి పరీక్షయు. 2015 జూలై 14వ తేదీన పుష్కరముల తొలినాడు రేవు కడ త్రొక్కిసలాట జరిగి పలువురు యాత్రికులు మరణించిరి. నడిబొడ్డు జనమును పిలుచుట చాలదు. వచ్చినవానికి అడుగు పెట్టు చోటు, వెనుకకు మరలు దారి చూపవలెను.

వీరేశలింగముపంతులు 1890లో టౌనుహాలు నెలకొల్పినది ఈ ఊరనే. నలుగురు కూర్చుండి మాటలాడుకొనుటకు, వాదించుకొనుటకు ఒక కప్పు కావలెనని ఆయన భావించెను. ఎత్తుచేత గాక, తలుపు తెరచియుండుటచేత గొప్పయగు కట్టడములు ఊరికి కావలెనని ఆ మందిరము చెప్పుచున్నది.

మూడవది ఓరుగల్లు. ఏకశిలానగరమను మారుపేరులోనే దాని ఆకాశరేఖ యున్నది. ఒక్క రాతిగుట్ట పేర ఊరు వెలసినది. కాకతీయుల కోటకు మట్టిగోడ యొకటి, రాతిగోడ యొకటి వలయములుగా నున్నవి. నడుమ ఆలయము చుట్టును నాలుగు దిక్కుల నిలిపిన కీర్తితోరణములు నాలుగును నేటికిని నిలిచియున్నవి. 1323లో రాజ్యము పడిపోయినది, ఆలయము శిథిలమైనది, ద్వారములు మాత్రము మిగిలినవి. ఆ తోరణము 2014లో ఏర్పడిన తెలంగాణ రాష్ట్రపు రాజముద్రలో చోటుచేసికొన్నది.

కాని ఓరుగంటివారు నేడు కూరగాయలు కొనుటకు తోరణముల కడకు పోరు. కోటలోపల ఇండ్లును పొలములును గల పల్లెజీవనము సాగుచున్నది. పట్టణపు సందడి హనుమకొండ చౌరస్తాకును, వరంగల్లు చౌరస్తాకును, రైలుకూడలియైన కాజీపేటకును పంచబడినది. ఒక శరీరమునకు మూడు గుండెకాయలున్నట్లు! 1163 నాటి వేయిస్తంభముల గుడి హనుమకొండలో జనవాసముల నడుమ, పెద్ద యెత్తు లేకుండ, నేలకు దగ్గరగా కూర్చున్నది. తోరణములు చూడవచ్చినవారివి, వేయిస్తంభముల గుడి చూడవచ్చినవారికిని ఊరివారికిని కూడ చెందినది. దారిన పోవువాడు ఆగి, దండము పెట్టి పోవుటకు వీలగుటయే దీనికి కారణము.

ఇక పోలిక. విజయవాడ రేఖను ప్రకృతి గీచినది. రాజమహేంద్రవరపు రేఖను యంత్రశాస్త్రవేత్తలు గీచిరి. ఓరుగంటి రేఖను రాజులు గీచిరి. మూడును అందమైనవే. కాని ఈ మూడూళ్ళును నేటికి బ్రతికియుండుటకు ఆ రేఖలొక్కటియే కారణము కావు. ఓరుగంటి రాజ్యము పోయినను చౌరస్తాలు ఊరిని నిలిపినవి. హేవలాకు వంతెనపై రైలు ఆగినను కోటగుమ్మము ఆగలేదు. శిఖరము పోయిన ఊరు బ్రతుకగలదు. నడిబొడ్డు పోయిన ఊరు ఇండ్ల గుంపగును.

నడిబొడ్డునకు నేడు ఆపద లేకపోలేదు. ఊరిచుట్టు దారులు పడుటచే పెద్ద అంగళ్ళు వెలుపలికి పోవుచున్నవి. లోపలి వీథులలో బండ్లు నిలిచి, నడచువానికి అడుగుచోటు కరవగుచున్నది. నలుగురికిని చెందిన స్థలమును ఏటికేడు కొంత కొంత అద్దెలకు అప్పగించుచున్నారు. ఇది ఒక్కనాడు జరుగునది కాదు గనుక ఎవరును గమనింపరు.

ఈ మూడు నగరములయందును నడిబొడ్డును కాపాడిన ఒక ఉమ్మడి ఆస్తి కలదు. అది గ్రంథాలయము. బెజవాడలో రామమోహన గ్రంథాలయము 1911లో వెలసినది. 1914 ఏప్రిలులో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ అచటనే చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారి అధ్యక్షతన జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికై పాటుపడిరి. రాజమహేంద్రవరమున వాసురాయ, రత్నకవి గ్రంథాలయములు కలిసి గౌతమీ గ్రంథాలయమైనది. హనుమకొండలో నిజాము పాలనకాలమున, 1904లో, రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము స్థాపింపబడినది.

ఈ చివరి పేరు కొంచెము నిలిచి ఆలోచింపదగినది. రాజరాజనరేంద్రుడు ఓరుగంటి రాజు కాడు. రాజమహేంద్రవరమునుండి ఏలిన చాళుక్యుడు. ఆయన మేడ యొక్కటియు నేడు గోదావరి గట్టున ఆకాశరేఖలో లేదు. ఆయన కోరగా నన్నయభట్టారకుడు మొదలిడిన భారతము మాత్రము ఉన్నది. ఆ గ్రంథబలముచేతనే ఆ రాజు పేరు, దాదాపు తొమ్మిదివందల యేండ్లకు పిమ్మట, గోదావరి తీరమును విడిచి హనుమకొండ వీథిలో ఒక పుస్తకశాల గుమ్మముమీద వెలసినది. మేడ కట్టించినవాని పేరు మేడతో పోయినది. పుస్తకము వ్రాయించినవాని పేరు ఊరూర తిరుగుచున్నది.

ఇపుడు మన ఊరి సంగతి. మన గ్రంథాలయము రచ్చకు ఎదురుగా, నేలమీద, నాలుగడుగుల అరుగుతో ఉన్నది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున దానికి మేడ కట్టవలెనను సంకల్పము కలిగినది. అది మంచిదే. అయితే క్రిందిగదిని అంగళ్ళకు అద్దెకిచ్చి పుస్తకములను మేడమీదికి చేర్చవలెనను మాట యొకటి వినబడుచున్నది. అద్దె వచ్చును, పుస్తకములు కొనవచ్చును, ఆ వాదమున బలము లేకపోలేదు. కాని జమ వ్రాయువాడు ఖర్చును కూడ వ్రాయవలెను. మెట్లెక్కలేని వృద్ధుడు పత్రిక చదువుట మానును. పొలమునుండి వచ్చుచు బురదకాళ్ళతో అరుగుమీద కూర్చుండి శీర్షికలు చదివించుకొను కూలివాడు మేడయెక్కుటకు సంకోచించును. బడి విడిచిన పిల్లలు కనబడిన తలుపులో దూరుదురు. కనబడని తలుపును వెదకరు. ఈ ఖర్చు ఏ పుస్తకమున వ్రాయకపోయినను ఊరు దానిని చెల్లించుచునే యుండును.

కనుక మేడ కట్టుదము. కాని లెక్కను తిరుగవేయుదము. పైయంతస్తును కచేరీలకో, తరగతులకో అద్దెకిచ్చి ఆదాయము తెచ్చుకొనవచ్చును. నేలగదియు, అరుగును, వీథివైపు తలుపును పాఠకునికే యుండవలెను. పొరుగూరివాడు మన మేడను చూచి మెచ్చుకొనిన సంతోషమే. కాని దారిన పోవువాడు అరుగుమీద కూర్చుండి ఒక పుట చదివి పోయిననాడే ఈ గ్రంథాలయము ఊరి నడిబొడ్డున ఉన్నట్లు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమునాడును నేలమీదనే, తలుపు తెరచుకొని, పదిమందిని పిలుచుచుండుగాక.