కేస్ షీటులో కషాయానికీ చోటివ్వాలి

 

ఏ వైద్యం గొప్పదో తేల్చడానికి మనం ఈ సదస్సులో చేరలేదు. ఆ వాదం తేలేదాకా రోగి ఆగడు. పరగడుపున కాకర రసం తాగుతాడు, టిఫినుకు ముందు షుగరు మాత్ర గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. ఒంట్లో రెండూ కలిసే పనిచేస్తాయి. చక్కెర మరీ పడిపోయి కళ్లు తిరిగితే, మన రికార్డులో ఉండేది మాత్ర పేరొక్కటే.

ఆయుర్వేదానికీ ఇంగ్లీషు వైద్యానికీ మధ్య రాకపోకలు మనకు కొత్త కాదు. జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరిని స్ప్రూ అనే పేగుల వ్యాధి బలిగొంది. అది తనకూ సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారని జీవితచరిత్రలు చెబుతాయి. లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి ఆయుర్వేదం చేపట్టినవారు. మద్రాసులో ఆయన నడిపిన ఆయుర్వేద కళాశాలలోనే సుబ్బారావు గారు శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. తర్వాత అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి అడ్డుపడే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో ఒకటైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతానికి వారానికొకసారి ఇస్తున్నాం.

ఆ మాత్ర కాలేయాన్ని దెబ్బతీయవచ్చు గనుకే తరచూ రక్తపరీక్షలు చేయిస్తాం. అదే రోగి తిప్పతీగ కషాయమూ తాగుతుంటే? తిప్పతీగ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు. ఆ తగవు ఎటు తేలినా, కషాయం సంగతి తెలియని డాక్టరు నేరమంతా మాత్ర మీద మోపి, పనిచేస్తున్న మందును ఆపేస్తాడు.

తోడు చికిత్సలన్నిటినీ అనుమానించమని నా ఉద్దేశం కాదు. కాన్సర్ రోగుల్లో అలసట, ఆందోళన తగ్గడానికి యోగా సాయపడుతుంది. కణితిని మాత్రం కరిగించదు. ఈ రెండు మాటలూ కలిపి చెప్పినప్పుడే రోగి యోగా చేస్తూనే కీమోథెరపీకి వస్తాడు.

“ఇంకేమైనా మందులు వాడుతున్నారా అమ్మా?” అని అడిగితే “ఏం లేవండీ” అంటారు. అది అబద్ధం కాదు. కషాయం వారి లెక్కలో మందు కాదు. “కషాయం, చూర్ణం, లేహ్యం, హోమియో గుళికలు ఏవైనా తీసుకుంటున్నారా?” అని పేరుపేరునా అడగండి. చెప్పాక కసరకండి. ఒకసారి కసిరితే మరోసారి చెప్పరు.

అందుకే రెండు ప్రతిపాదనలు చేస్తున్నాను. ప్రతి కేస్ షీటులోనూ ఈ వివరాలకు ఒక గడి ఉండాలి. ఆయుర్వేద, హోమియో వైద్యులు కూడా రోగి వాడే ఇంగ్లీషు మందులను రాసుకోవాలి. ఇక పత్రికల్లో ఆరోగ్య శీర్షికలు రాసే మిత్రులకు ఒక విన్నపం: “దుష్ఫలితాలు లేవు” అనే మాటను రుజువు లేకుండా అచ్చువేయకండి. ఈ మూడింటినీ తీర్మానంగా మధ్యాహ్నం మీ ముందుంచుతాను. లోపాలుంటే సవరించి ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.