ఎఱ్ఱదీపము చెప్పు సాక్ష్యము
(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



మన పాఠశాలకు బిడ్డలను పంపు కుటుంబములలో మోటారు బండిని నమ్ముకొని బ్రతుకువారు అనేకులు కలరు. సండూరు గనులకు, తోరణగల్లు ఉక్కు కర్మాగారమునకు, గుంతకల్లు రైలు స్టేషనుకు నిత్యము బండ్లు నడుపువారు మీలో ఉన్నారు. కావున ఈనాడు కారులోని ఒక చిన్న వస్తువును గూర్చి ముచ్చటింపదలచితిని. అది నూనె ఒత్తిడిని కనిపెట్టు స్విచ్చి, దీనినే సెన్సారందురు.

ఇంజనులో తిరుగు క్రాంకు షాఫ్టునకు, దానిని మోయు బేరింగులకు నడుమ పలుచని నూనెపొర నిలువవలెను. అడుగుతొట్టెలోని నూనెను పంపు ఒత్తిడితో త్రోయుటచేతనే ఆ పొర నిలుచును. ఒత్తిడి పోయినచో లోహము లోహమును రాయును. కొద్ది నిమిషములలోనే ఇంజను పట్టివేయవచ్చును. అంతటితో ఆ కుటుంబమునకు జీవనాధారము పోవును.

ఇంజను దిమ్మకు బిగించిన స్విచ్చిలో ఒక సన్నని పొర కలదు. ఇంజను ఆగియున్నప్పుడు లోపలి కొనలు కలిసియుండి దీపము వెలుగును. ఇంజను నడువగానే నూనె ఆ పొరను నొక్కి కొనలను విడదీయును, దీపము ఆరును. తాళము త్రిప్పినను వెలుగని దీపమును చూచి సంతోషింపరాదు. అది మూగవోయిన కావలివాని వంటిది.

బండి నడుచుచుండగా దీపము వెలిగినచో కొందరు “సెన్సారే చెడియుండును” అని తీగ పీకి సాగిపోవుదురు. మరికొందరు వెంటనే ఇంజను విప్పింతురు. రెండును తొందరపాటే. సాక్షి నిజము చెప్పుచున్నాడో అబద్ధము చెప్పుచున్నాడో విచారింపక తీర్పు చెప్పరాదు.

ముందుగా ఇంజనును ఆపవలెను. బండిని సమతలమున నిలిపి, కొంతసేపు తాళి, డిప్‌స్టిక్కుతో నూనె మట్టము చూడవలెను. క్రింద కారుచున్నదేమో గమనింపవలెను. ఇంజనులో తట్టుచున్న చప్పుడు వినబడియుండినచో మరల నడుపక, బండిని కట్టి లాగించుకొని పోవుటయే మేలు.

మట్టము సరిగా ఉన్నచో తీగను పరీక్షింపవలెను. ఒకే తీగ గల స్విచ్చి అయినచో, ఇంజను నడుపక తాళము మాత్రము త్రిప్పి, ఆ తీగను ఊడదీయవలెను. దీపము ఆరనిచో తీగ ఎక్కడనో ఒరసి లోహమును తాకుచున్నదన్నమాట. ఆరినంత మాత్రమున స్విచ్చి చెడినదని తేలదు. ఒత్తిడి నిజముగనే తగ్గియుండవచ్చును.

దీనిని తేల్చునది గేజి యొక్కటియే. స్విచ్చిని విప్పి ఆ రంధ్రమున గేజిని బిగించి ఇంజనును నడిపి చూడవలెను. వేడెక్కిన ఇంజను మెల్లగా నడుచునప్పుడు చదరపు అంగుళమునకు సుమారు 10 పౌన్లకు తగ్గకుండుట అనేక చిన్న కార్లలో సామాన్యము. అయినను ఆ బండి పుస్తకములోని అంకెయే ప్రమాణము. ఒత్తిడి చాలనిచో పంపు, బేరింగులు మొదలగువానిని చూపింపవలెను. సరిపోయినచో దోషము స్విచ్చిదే. స్విచ్చి తీగ కొనలో నూనె ఊరుట కూడ అది చెడిన గుర్తు.

మార్చుట కష్టము కాదు. ఇంజను చల్లారిన పిదప బ్యాటరీ నెగెటివు తీగను విప్పి, పాత స్విచ్చిని తీసి, అదే నంబరుగల క్రొత్తదానిని ముందు చేతితో, పిమ్మట స్పానరుతో బిగింపవలెను. వాషరు గలదానికి టేపు చుట్టరాదు. ఒంటి తీగ స్విచ్చికి ఇంజను లోహమే రెండవ తీగ. టేపు ఎక్కువైనచో ఆ సంబంధము తెగవచ్చును. అతిగా బిగించినచో మరలు చెడును. తుదకు ఇంజనును నడిపి దీపము ఆరినదా, నూనె కారుచున్నదా అని చూడవలెను. ఒత్తిడిని అంకెలలో తెలుపు క్రొత్త రకపు సెన్సారులకు ఈ తీగ పరీక్ష పనికిరాదు. వానిని స్కానరుతో చూడవలెను.

తెలుగులో చదివిన బాలుడు షెడ్డులో పని నేర్వగలడా అని తల్లిదండ్రులు కొందరు సందేహింతురు. మనము ఒత్తిడి అనుదానిని కన్నడ సోదరులు ఒత్తడ అందురు. పుస్తకమున ప్రెషరు అని యుండును. మాట యేదైనను నూనె పొరను నొక్కుట ఒక్కటే. తరగతిలో ఒత్తిడి పాఠమును అర్థము చేసికొన్న బాలునికి మూడు మాటలును మూడు దినములలో వచ్చును. అర్థము కానివానికి ఏ మాటయు అక్కరకు రాదు.

కావున మీ బిడ్డ ఎఱ్ఱదీపమును చూపి “ఇదెందుకు?” అని అడిగినప్పుడు విసుగుకొనకుడు. బండిని ఆపి, మూత తెరచి చూపుడు. సెలవు.