గోడ ఎవరిది?

సంతోష్‌నగర్‌లో గోడరాతల గురించి మాట్లాడుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఈ పేటలో ఎడమ నుంచి కుడికి తెలుగు, కుడి నుంచి ఎడమకు ఉర్దూ ఒకే గోడ మీద ఎదురుపడతాయి. "ఇక్కడ మూత్రం పోయరాదు" అన్న రాతను లెక్కచేయనివారు కూడా, అక్కడ దేవుళ్ల టైల్సు అతికిస్తే వెనక్కి తగ్గుతారు. మునిసిపాలిటీకి లేని పలుకుబడి అది.

గోడ మీద రాజకీయం పాత విద్యే. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి నగరంలో ఎన్నికల రాతలు వేలల్లో బయటపడ్డాయి. ముందు సున్నం కొట్టేవాడు, వెనకే అక్షరాలు దిద్దేవాడు. మన ఎన్నికల పెయింటర్లకు ఈ పద్ధతి ఎవరూ నేర్పనక్కర్లేదు.

హైదరాబాదులో గోడకు గొంతు ఇచ్చింది విద్యార్థులే. 1969 తెలంగాణ ఉద్యమం, 1972 ఏప్రిల్ 14న ఉస్మానియా ప్రాంగణంలో విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డి హత్య, ఆ తర్వాత రాడికల్ విద్యార్థుల కాలం. సభలోని పెద్దలకు ఆ ఎర్రటి అక్షరాలు గుర్తుండే ఉంటాయి. పత్రిక వేయని మాటను గోడ వేసేది. పోలీసులు సున్నం పూయిస్తే, తర్వాతి నినాదానికి తెల్లటి గోడ ఉచితంగా దొరికేది! 2009 చివర్లో ఉద్యమం మళ్లీ రాజుకున్నప్పుడు "జై తెలంగాణ" ఊరూరా గోడలకెక్కింది.

ఈలోగా చట్టం వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లో చేసిన ఆ చట్టం బహిరంగ స్థలాలను పాడుచేయడాన్నీ, అశ్లీల పోస్టర్లనూ ఒకే గాటన కట్టింది. ఉద్యమ నినాదానికీ బూతు సినిమా బొమ్మకీ పేరులోనే చుట్టరికం కలిపిన చట్టం ఇది. మరోపక్క కంప్యూటర్, ఫ్లెక్సీ కలిసి కుంచె పట్టిన చేతుల పని లాగేసుకున్నాయి. ఛత్తా బజారులో ఉర్దూను చేత్తో అందంగా రాసే కాతిబ్‌లూ ఆ దెబ్బ తిన్నవారే.

2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ కళాకారులు ఖైరతాబాద్ దగ్గరి ఎం.ఎస్. మక్తా ఇళ్ల మీద నిలువెత్తు బొమ్మలు వేశారు. చూడముచ్చటైన పని, సందేహం లేదు. కానీ నల్లా రావడం లేదని మక్తావాసి తానే సర్కారు గోడ మీద రాస్తే అది కళ కాదు, కేసు. రంగు అదే, బస్తీ అదే. తేడా అంతా అనుమతి కాగితంలో ఉంది.

2024లో జీహెచ్‌ఎంసీ సినిమా పోస్టర్లతో సహా గోడపత్రాలన్నిటినీ నిషేధించింది. మెట్రో స్తంభాల మీది ప్రకటనల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఆ ఆదాయం ప్రాజెక్టు లెక్కల్లోనే ఉంది. అదే ఏడాది మార్చి 8న ఫలక్‌నుమా వద్ద పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన జరిగింది. రేపు లేచే స్తంభాల మీద బస్తీవాళ్ల మాటకు చోటు ఎంతో అడగదలిస్తే, ప్రకటనల హక్కులు ఎవరికో ఒకరికి రాసిచ్చాక కాదు, ముందే అడగాలి.